రెండు రోజుల కాయ

కిటికీ గట్టు మీద పళ్ళెంలో వరుసగా పేర్చిన టమాటాల్లోంచి ఒకటి తీసి మునిలక్ష్మమ్మ కత్తిపీట దగ్గర పెట్టుకుంది. చట్నీకి ఒక కాయ తక్కువైంది. ఆమె కత్తిపీట మీద కాలు వేసేలోపే వెనకనుంచి కూతురి చెయ్యి వచ్చి కాయను తీసేసుకుంది.

"అమ్మా, అది ఆఫీసు కాయ."

"ఆఫీసు కాయకు కొమ్ములుండాయా? యార్డు పక్కన ఇల్లు పెట్టుకోని టమాటాకు కరువొచ్చింది నాకు."

మాధవీలత నవ్వి, కాయకు అంటించిన చిన్న కాగితం చెదరలేదని చూసుకుని మళ్ళీ వరుసలో పెట్టింది. కాగితం మీద ఆదివారం తేదీ, దాని కింద 2 అనే అంకె ఉన్నాయి. ఈరోజు గురువారం. కాయ ఇంకా గట్టిగానే ఉంది.

గడప దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్న చెంగల్రాయుడు అది చూశాడు. చూసి, గ్లాసు కింద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఇడ్లీ తిని పో," అంది భార్య.

"ఆకలిగా లేదు."

చెంగల్రాయుడు మదనపల్లె టమాటా యార్డులో ముప్పై ఏళ్ళుగా కాయ చూసే మనిషి. మొదట క్రేట్లు మోశాడు, తరవాత ఈ పని పట్టుబడింది. క్రేటులోంచి ఒక కాయ తీసి, తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి, అది ఎన్ని రోజులు దారి తట్టుకుంటుందో చెబుతాడు. వ్యాపారులు ఆ మాట మీదే లారీ ఎంత దూరం పంపాలో తేల్చుకుంటారు. ఆ వేలి మీద వచ్చిన కూలితోనే కొడుకు హరీష్‌కు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, కూతురికి ఎం.ఎస్సీ. చదువు వచ్చింది.

హరీష్ పోయి రెండేళ్ళు. టమాటాలను ఓడలో గల్ఫ్ దేశాలకు పంపి చూద్దామని ఒక వ్యాపారి చేసిన ప్రయత్నంలో, మొదటి లోడు మద్రాసు హార్బరుకు తీసుకుపోతూ, తెల్లవారుజామున ఆగి ఉన్న ట్రైలర్‌ను గుద్దేశాడు. అతను నిద్రలోకి జారి ఉంటాడని పోలీసులు రాశారు. ఆ తరవాత ఆరు నెలలకు మాధవీలత కాలేజీ ఉద్యోగం మానేసి, సముద్ర రవాణా పరిశోధన సంస్థలో చేరింది.

ఆ సంస్థ తీరంలో రెండు రేకుల షెడ్లతో మొదలైంది. ఇప్పుడక్కడ మూడంతస్తుల భవనం ఉంది, ఓడల రాకపోకలు చూసే పెద్ద గది ఉంది. సరుకు పొలం నుంచి ఓడ దాకా పోయే దారిలో కాలం ఎక్కడ వృథా అవుతుందో తెలుసుకోవడం వాళ్ళ పని. అందుకు తీరానికి దూరంగా కూడా ఒక కేంద్రం కావాలని, పుంగనూరులో మూతబడిన పాల శీతల కేంద్రాన్ని అద్దెకు తీసుకున్నారు. మాధవీలత రోజూ ఉదయం యార్డులో కాయలు తీసుకుని, తండ్రి చెప్పిన రోజులు రాసుకుని, బస్సులో పుంగనూరు పోతుంది. ఒక్కో కాయ నిజంగా ఎన్ని రోజులు నిలిచిందో అక్కడా, ఇంటి కిటికీ మీదా చూసి ఆ మాటతో పోల్చుతుంది.

ఆ పూట యార్డులో హమాలీ మేస్త్రీ నరసింహులు ఆమెను చూసి చెయ్యూపాడు.

"ఏం మేడమ్, పుంగనూరికి ఓడ ఎప్పుడొస్తాది? టికెట్టు తీసి పెట్టమంటాది మా ఇంటామె."

"మీ కోసం ఆపి పెట్టినాం అన్నా. నువ్వు బరువు తగ్గితే ఎక్కించుకుంటారంట."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెంగల్రాయుడు నవ్వలేదు. ఆమె అందించిన కాయను నొక్కి, పక్కకు చూస్తూ, "రెండు," అన్నాడు.

"బాగా చూడు నాయనా."

"చూసినా. రెండే."

ఆమె రాసుకుంది.

మధ్యాహ్నం పుంగనూరు కేంద్రానికి మునస్వామి సార్ ఫోన్ చేశారు. సంస్థలో లోతట్టు కేంద్రాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. మెల్లగా మాట్లాడే మనిషి, అందువల్లనే ఆమెకు ఇంకా కష్టమనిపించింది. యార్డులో కాయ చూసే పెద్దాయన చెప్పిన రోజులు ఒక్కటీ సరిపోవడం లేదని, మనిషి అంచనాకూ కాయకూ పొంతన లేనప్పుడు ఆ యార్డు మీద పరిశోధన సాగించలేమని అన్నారు. రేపు తానే వస్తానని, కేంద్రాన్ని కుప్పానికి మార్చే మాట అప్పుడే తేలుస్తానని చెప్పారు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి తండ్రి వరండాలో కూర్చుని ఉన్నాడు. తల్లి చేటలో కందిపప్పు ఏరుతోంది. మాధవీలత చెప్పులు విప్పకుండానే చెప్పింది.

"నాయనా, రేపు మా సార్ వస్తాండారు. కేంద్రం కుప్పానికి పోయేటట్టుండాది."

"కుప్పంలో ఏముండాది?"

"గ్రానైట్. రాయి కుళ్ళదు గదా. ఎన్ని రోజులుంటాదని ఎవర్నీ అడిగే పని లేదు."

"మంచిదే. నువ్వూ పో."

మునిలక్ష్మమ్మ తలెత్తింది. "అదేం మాట? బిడ్డ పని పోతాంటే మంచిదంటాండావే."

"ఓడల పని మన ఇంటికి అచ్చిరాలేదు. ఒకర్ని ఇచ్చినాం, చాలు."

మాధవీలత మెట్టు మీద కూర్చుంది. సంచిలోంచి ఫైలు తీసింది. "నలభై ఆరు కాయలకు చెప్పినావు. నలభై ఆరూ తప్పినాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయింటే పొరపాటు అనుకుందును. అన్నీ సరిగ్గా రెండు రోజులు తక్కువ. పెద్దాయనకు వేలు మొద్దుబారిందని రాయమంటారు సార్. నేను రాయలేను. అంత సరిగ్గా తప్పు చెప్పాలంటే, అంత సరిగ్గా నిజం తెలిసుండాల."

"వయసైపోయిందని రాసుకో."

"ఎందుకు నాయనా? నా పని చెడగొట్టాలనా?"

ఆమె ఫైలు చివర ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక చీటీ తీసింది. కాయ ఎన్ని రోజులుంటుందో రాసి యార్డులో లోడుతోపాటు డ్రైవరు చేతికిచ్చే చీటీ. దాని మూల మరక పట్టి నల్లబడింది.

"అన్న జేబులో దొరికింది. దీంట్లో కూడా రెండే ఉండాది."

"దాన్ని ఆ ఫైల్లో యాల పెట్టినావు?" చెంగల్రాయుడి గొంతు ఒక్కసారిగా లేచింది. "లోపల పెట్టు. పెట్టు దాన్ని."

ఆమె పెట్టలేదు. చేటలో పప్పు కదలడం ఆగిపోయింది. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా తువ్వాలు ముఖం మీదనే ఉంచుకున్నాడు.

"అది నాలుగు రోజుల కాయ పాపా."

తువ్వాలు దించి మళ్ళీ అన్నాడు. "యార్డులో డ్రైవర్లకు అసలు మాట చెప్పరు. నాలుగని చెప్తే ఒక రోజు ఇంట్లో, ఒక రోజు అత్తగారి ఊర్లో పండుకోని నిదానంగా పోతారు. అందుకని వ్యాపారికి నాలుగంటాం, డ్రైవరుకు రెండంటాం. నాకు ముందున్నోళ్ళూ అదే, నేనూ అదే. ఆ పొద్దు చీటీ రాయించేటప్పుడు ఎదురుగా నిలబడింది కొడుకని తెలుసు. అయినా నోటికి రెండే వచ్చింది. వాడు నిద్ర లేకుండా తోలింది నా మాట నమ్మే గదా. ఇప్పుడు నీకు అసలు రోజులు చెప్తే, ఆ చీటీ పక్కన పెట్టి చూస్తావు. చూస్తే తెలిసిపోతాదని..."

కాయల లెక్కలో మాధవీలత ఎదురుచూసింది ఈ జవాబు కాదు.

అప్పుడు మునిలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది.

"వాడు నీ మాట నమ్మలా," అంది.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఆ పొద్దు సంగటి తింటా నవ్వినాడు. మా నాయన రెండన్నాడమ్మా, అంటే నాలుగు. తొమ్మిదేండ్లు లారీ తోలినోన్ని, నాకు తెలీదా అన్నాడు. చిత్తూరు దాటినాక పండుకోని, తెల్లారినాక పోతానన్నాడు. దుప్పటి అడిగి తీసుకోని పొయ్‌నాడు."

"రెండేండ్లుగా ఈ మాట నాకు చెప్పలేదే," అన్నాడు చెంగల్రాయుడు.

"నువ్వు దీన్ని మోస్తాండావని నాకేం తెలుసు? వాని పేరెత్తితే లేసి పోతివి. నేనూ ఎత్తడం మానేస్తి."

మాధవీలత చీటీని కవరులో పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది. ఇక తనూ దాచకూడదనుకుంది.

"దుప్పటి సీటు మీద పరిచే ఉండింది నాయనా. నేను చూసినా. పండుకున్నోన్ని లేపినారు. వ్యాపారి తరఫు ఏజెంటు ఫోన్ చేసి, హార్బరు గేటు పొద్దున ఏడుకే మూస్తారు, వెంటనే రమ్మన్నాడు. ఓడ రెండు రోజులు ఆలస్యమని హార్బరు లోపల ఆఫీసుకు ఆ సాయంత్రమే తెలుసు. ఆ మాట బయటికి రాలా. గేటు కూడా రెండు రోజులు తెరిచే ఉండింది. సంస్థలో చేరినాకే ఆ కాగితాలు చూసినా. మీకు చెప్తే తట్టుకోలేరనుకున్నా. ఓడ సంగతి లోపల్నుంచి బండి దాకా నేరుగా వచ్చేటట్టు చేయాలనే ఈడ పని చేస్తాండాను."

"ఆడ కూడా రెండు రోజులేనా," అన్నాడు చెంగల్రాయుడు.

మునిలక్ష్మమ్మ లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది. అతని భుజాలు కదిలాయి. ఆమె కొంగు అతని చేతిలో పెట్టి, తను మటుకు ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు ముగ్గురూ హరీష్ గురించి మాట్లాడుకున్నారు. అతనికి సంగటిలోకి ఏం ఇష్టమో కూడా గుర్తు చేసుకున్నారు.

మరునాడు ఉదయం యార్డుకు మునస్వామి సార్ వచ్చారు. చెంగల్రాయుడు ఆయనకు నమస్కారం పెట్టి, తాను చెప్పిన నలభై ఆరింటికీ రెండేసి కలుపుకొమ్మన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు గాని, ఒక్క మాట కూడా మింగలేదు. సార్ కాగితాలు తిరగేశారు. మొదటి నుంచీ మళ్ళీ చూడాలి, ఈ సీజను అయ్యేదాకా కేంద్రం పుంగనూరులోనే ఉంటుంది, తరవాత సంగతి ఇప్పుడే చెప్పలేను అన్నారు.

ఎదురుగా లోడుకు సిద్ధమైన లారీలు నాలుగు ఉన్నాయి. డ్రైవర్లు బీడీలు ముట్టించుకుని చీటీల కోసం నిలబడ్డారు. మాధవీలత ఒక కాయ అందించింది. చెంగల్రాయుడు తొడిమ పక్కన నొక్కాడు. పెదవులు అలవాటైన మాట వైపు కదిలి, ఆగాయి.

"నాలుగు," అన్నాడు గట్టిగా.

నరసింహులు కంగారుగా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏందప్పా, డ్రైవర్లు ఇంటాండారు."

"ఇననీలే," అన్నాడు చెంగల్రాయుడు. "పండుకోని పోనీ."