తలుపులేనివారి పిల్ల

పూర్వం కుందవరాన్ని గజకేతుడనే రాజు పాలించేవాడు. మంచివాడే కాని, నలుగురూ నవ్వుతారేమోనన్న బెంగ ఆయనకు కాస్త ఎక్కువ. ఒకసారి విందుకు వచ్చిన పొరుగు రాజు కొలువులోనివారి ఇంటిపేర్లు విని, "చిల్లిగరిటెవారు, పిల్లిమీసాలవారు, తలుపులేనివారు! ఇది రాజ్యమా, సంతా?" అని పకపకా నవ్వాడు. గజకేతుడికి తల కొట్టేసినట్లయింది. నచ్చని ఇంటిపేరు వదిలేసి ఎవరికి వారు మంచిది ఎంచుకోవచ్చునని మరునాడే దండోరా వేయించాడు.

తీరా చూస్తే ఊరు ఊరంతా "రత్నాలవారు" అని రాయించుకుంది. ఆ ఆలోచన తమకొక్కరికే వచ్చిందని ప్రతివారూ మురిసిపోయారు.

మాఘమాసంలో పెళ్లిళ్లు మొదలయ్యాక గాని అసలు చిక్కు బయటపడలేదు. వడ్రంగి వీరాచారి కూతురు ముత్యాలుకు, ఆమె మేనమామ కొడుకు బ్రహ్మానికి పెళ్లి. పందిట్లో పురోహితుడు ఇంటిపేర్లు చదివి ఠక్కున ఆగిపోయాడు.

"పిల్లది రత్నాలవారు, పిల్లవాడిదీ రత్నాలవారే. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్లు. ఈ పెళ్లి నేను చేయించలేను."

"నిన్నటిదాకా బావ, ఇవాళ అన్న ఎలా అయ్యాడండీ?" అంది ముత్యాలు పీటల మీద నుంచే.

"ఆ మాట దండోరా వేయించినవారిని అడుగమ్మా!"

ఆ నెలలో ఒక్క పెళ్లీ జరగలేదు. పాత పేర్లే పెట్టుకుందామంటే అవి ఎవరి నాలుకకూ రాలేదు. వదిలేసిన పేర్లు అడవిలోని పేర్లరాక్షసుడి సొత్తయిపోతాయని రాజగురువు చెప్పాడు. తెచ్చేదెవరని రాజు అడిగితే వీరులందరూ నేలచూపులు చూశారు. బ్రహ్మం లేవబోయాడు కాని తల్లి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. ముత్యాలు తాను దాచుకున్న పెళ్లి బాసికం తండ్రి చేతిలో పెట్టి, చద్దిమూట కట్టుకుని బయలుదేరింది. ఆమెకు భయం లేకపోలేదు, కోపం అంతకంటే ఎక్కువగా ఉంది.

మూడు రోజులు నడిచాక అడవిలో ఒక ముని కనిపించాడు.

"ఇంటిపేరు ఎలా వచ్చిందో చెప్పినవారికే రాక్షసుడు దాన్ని ఇస్తాడు తల్లీ. చెప్పలేకపోతే ఉన్న పేరు కూడా లాక్కుంటాడు. అప్పుడు నువ్వు ముత్యాలువి కూడా కావు."

"మా పేరేమిటో కూడా నాకు గుర్తు లేదు స్వామీ!"

"తెలియకపోతే తెలిసినవాళ్లను అడగాలి," అని ముని కళ్లు మూసుకున్నాడు. మునులతో వచ్చిన చిక్కే అది.

ఆ పైన ఒక నది అడ్డం వచ్చింది. ఒడ్డున ముసలి మొసలి ఒకటి ఎండ కాచుకుంటోంది.

"ఎవరింటి పిల్లవే?" అంది మొసలి.

"రత్నాలవారి పిల్లను."

"వాళ్లెవరో నాకు తెలియదు. పరిచయం లేనివాళ్లను తినడానికి నాకు మొహమాటం ఉండదు," అని మొసలి నోరు తెరిచింది.

ముత్యాలు వెనక్కి గెంతింది. "ఆగు! మా నాన్న వడ్రంగి. ఊరందరికీ తలుపులు చేస్తాడు. మా ఇంటికి మాత్రం తలుపు లేదు. పెట్టొద్దని తాత చెప్పాడట, ఎందుకో మేమెవరం అడగలేదు."

మొసలి నోరు మూసుకుంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లే.

"నూరేళ్ల కిందట పెద్ద వరద వచ్చింది. మీ ముత్తాత ఇంటి తలుపులు ఊడబీకి తెప్ప కట్టి, కొట్టుకుపోతున్నవాళ్లను గట్టుకు చేర్చాడు. అప్పుడు నేను జానెడు పిల్లను. సుడిలో పడితే, ఇదీ ఒక ప్రాణమేగా అని నన్నూ ఎక్కించుకున్నాడు. ఇల్లు లేనివాళ్లందరూ ఆయన ఇంట్లోనే తలదాచుకున్నారు. ఇంతమంది వచ్చిపోయే ఇంటికి మళ్లీ తలుపెందుకని వదిలేశాడు. రా, ఎక్కు!"

మొసలి ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చింది. అక్కడి గుహలో వేల ఉట్లు వేలాడుతున్నాయి. ఉట్టికొక పిడత, పిడతకొక పేరు. వాటి మధ్య తాటిచెట్టంత రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. ముత్యాలు విన్నదంతా చెప్పింది. రాక్షసుడు కదలకుండా విని, ఒక పిడత దించి ఆమె చేతిలో పెట్టాడు.

"తలుపులేనివారు! తీసుకుపో. ఇక మీ పెళ్లికి అడ్డు లేదు."

నిజమే, ఆమె పని అయిపోయింది. కాని పెళ్లి ఆగిపోయి కూర్చున్న స్నేహితురాళ్లు ఆమెకు గుర్తొచ్చారు.

"మిగతావి?"

"వాళ్లు వచ్చి చెప్పుకోవాలి."

"అంతమంది ఈ అడవి దాటి రాలేరు. నువ్వే రా. మా ఇంటికి తలుపు లేదు, నీ అంతవాడైనా పడతాడు."

రాక్షసుడు లేచి ఉట్లన్నీ దించి, పిడతలు మూట కట్టుకున్నాడు. అంతవరకు అతణ్ణి ఎవరూ ఇంటికి రమ్మనలేదు.

తొమ్మిది రోజులు అతడు వీరాచారి అరుగు మీద కూర్చున్నాడు. ముసలివాళ్లను బతిమాలి, తాతముత్తాతల సంగతులు తెలుసుకుని, ఒక్కొక్కరే వచ్చి చెప్పి పేర్లు తీసుకుపోయారు. చివరకు, అందరితోపాటు తానూ ఇంటిపేరు వదిలేసిన రాజు వచ్చాడు. తన తాత మేకలు కాసేవాడని, కొండల్లో దారి తప్పిన సైన్యానికి మేకలు నడిచే బాట చూపి రాజ్యం సంపాదించాడని మెల్లగా చెప్పాడు. వినబడలేదని రాక్షసుడు అన్నాక, గట్టిగా చెప్పాడు. మేకలదారి గజకేతుడు ఆ రోజు నుంచి తల ఎత్తుకునే తిరిగాడు.

పిడతలన్నీ ఖాళీ అయ్యాయి. రాక్షసుడు లేచాడు. "ఇక పోతాను. నాకెవరూ ఇంటిపేరు పెట్టలేదు. అందుకే పారేసినవి ఏరుకున్నాను."

"తొమ్మిది రోజులు మా ఇంట్లో తిన్నవాడివి, పరాయివాడివెలా అవుతావురా? మా పేరే నీది," అన్నాడు వీరాచారి. రాక్షసుడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మళ్లీ పందిరి వేశారు. మేనమామే మామగారు కావడంతో పెళ్లికూతురి బుట్ట మోసేందుకు మనిషి కరువయ్యాడు. కొత్త అన్న వచ్చి బుట్టను ఒంటిచేత్తో ఎత్తాడు. పీటల మీదున్న పిల్లిమీసాల బ్రహ్మానికి చెమటలు పట్టాయి.

"అంటే... ఈయన నాకు బావమరిదా?"

"అవును బావా!" అంది ముత్యాలు, బావ అన్న మాట నొక్కి పలుకుతూ.

ఆ ఇంటికి తలుపు మాత్రం ఎవరూ పెట్టలేదు. దారినపోయేవారు అరుగు మీది రాక్షసుణ్ణి చూసి, "ఎవరింటివాడివి నాయనా?" అని అడిగితే చాలు, వారిని కూర్చోబెట్టి వరద దగ్గర నుంచి మొదలుపెట్టేవాడు. అంతా విని, కడుపునిండా తిన్నాకే ఎవరైనా అక్కడ నుంచి కదిలేవారు.