ఎండ రాని కిటికీ

తలుపు తీసిన బాలశౌరి, టేపు పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూసి మొహం మాడ్చుకున్నాడు.

“నువ్వా?”

“మీరు ఫోన్ చేసిన కిటికీల షాపు మాదేనండీ,” అన్నాడు కిరీటి.

గదిలో ఉన్న స్టెల్లాకి నవ్వు ఆగలేదు. ఎదురు మేడ మీద అద్దెకుండే కిరీటితో ఆమె కిటికీలోంచి కబుర్లాడుతుందని గుణదలలో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు. తండ్రికి ఈమధ్యే తెలిసింది. దాంతో ఉన్నట్టుండి ఆయనకి కూతురి గదిలో ఎండ ఎక్కువైపోయింది. రెండు అద్దాల మధ్య మూసుకునే రెక్కల బ్లైండ్స్ ఉండే కిటికీ పెట్టిస్తానన్నాడు. తండ్రులున్న ఇళ్లలో ఎండ ఎప్పుడూ పెళ్లీడు కూతురి గదిలోనే కాస్తుంది మరి.

కిరీటి ఆ గదిలోకొచ్చి కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించాడు. స్టెల్లా వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడుతూ, ఇది ఉత్తరం వైపు కిటికీ అనీ, ఎండ పెద్దగా తగలదనీ, ఇక్కడ బ్లైండ్స్ దండగనీ చెప్పాడు.

ఇల్లు తనదనీ, నోరుమూసుకుని కొలతలు తీసుకోమనీ బాలశౌరి కసిరాడు.

కిరీటి టేపు జేబులో పెట్టేసుకున్నాడు. “ఎండకైతే పెడతానండీ. నేను కనపడకుండా ఉండటానికైతే వేరే షాపు చూసుకోండి.”

ఇన్నాళ్లూ ఇతనికి జోకులెయ్యడం ఒక్కటే వచ్చనుకుంది స్టెల్లా. ఈ పొగరు చూశాక ఇంకా నచ్చాడు. ఇప్పుడు తను నోరు విప్పకపోతే రేపు ఇంకో షాపువాడొస్తాడు. ఆ వెనకే ఏదో సంబంధం వస్తుంది.

“అతన్నే చేసుకుంటా నాన్నా. కిటికీకి గోడ కట్టించినా సరే.”

బాలశౌరి అరవబోయేలోపే వంటింట్లోంచి తల్లి తెరేసమ్మ వచ్చింది. మొహం కందిపోయి, జాకెట్టు చెమటకి ముద్దయిపోయి ఉంది. కిరీటిని తీసుకెళ్లి వంటింటి పడమటి కిటికీ ముందు నిలబెట్టింది. అతను అద్దం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

ఇక్కడ పెడితే ఏమవుతుందని ఆవిడ అడిగింది. మామూలు కర్టెన్ అయితే లోపలికొచ్చిన ఎండకి కాగి, ఆ వేడి గదిలోనే వదులుతుందనీ, ఇదైతే రెక్కలు అద్దాల మధ్యే కాగుతాయి కాబట్టి లోపలికొచ్చే వేడి బాగా తగ్గుతుందనీ అతను చెప్పాడు.

“పెళ్లైన కాణ్ణుంచీ ఇక్కడ ఉడుకుతున్నా. ఈయనకి ఒక్కనాడూ ఈ ఎండ కనపళ్లేదు,” అంది తెరేసమ్మ. “ఇక్కడ కొలువు బాబూ. పిల్ల కిటికీ జోలికెళ్లొద్దు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మీ అమ్మగార్ని తీసుకురా.”

బాలశౌరి గుమ్మంలోంచి భార్య మొహంకేసి చూశాడు. ఎక్కువసేపు చూడలేకపోయాడు. వాళ్లు హిందువులు కదా, మనింటికి వస్తారా అని గొణిగాడు.

“రాకపోతే నేనే వెళ్తా,” అంది స్టెల్లా.