అర్థం చెప్పినందుకు

ఇత్తడి చెంబు వసుమతి చెవికి తగిలి గోడకు కొట్టుకుని కింద పడింది. ఆమె చెవి మూసుకుని వాకిట్లోనే కూలబడిపోయింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది... ఆమె చేసిన తప్పల్లా భర్తకు తెలియని మాటకు అర్థం చెప్పడమే!

దేవిదాస్ అంకాపూర్‌లో విత్తనాల కంపెనీ ఉద్యోగి. కెనడాలో పైచదువుకు వెళ్లాలంటే ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు రావాలి. తొంభై ఒకటో సంవత్సరంలో రాస్తే రాలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే భార్య చేతికి పుస్తకమిచ్చి కఠినమైన మాటలు అడిగించుకునేవాడు. ఇంటర్ చదివిన వసుమతికి అడిగీ అడిగీ అవన్నీ నోటికి వచ్చేశాయి. అతను తడబడినా పైకి చెప్పేది కాదు. చెబితే ఏమవుతుందో ఆమె చెంపలకు తెలుసు.

ఆ రోజు పెర్కిట్‌లోని వాళ్ల ఇంటికి స్నేహితుడు గంగాకిషన్ వచ్చాడు. వాకిట్లో పసుపు ఉడుకుతోంది. అతను దేవిదాస్ పుస్తకం తిరగేసి, "రిలెంట్ అంటే ఏందిరా?" అని అడిగాడు. దేవిదాస్ నీళ్లు నమిలాడు. చాయ్ అందిస్తున్న వసుమతి నోట, "పంతం విడిచి మెత్తబడుడు అన్నా" అని వచ్చేసింది.

"నీ బదులు చెల్లెనే తోలురా పరీక్షకు" అని నవ్వి వెళ్లిపోయాడు గంగాకిషన్.

అతను గేటు దాటగానే చెంబు లేచింది.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవానే?" దేవిదాస్ పసుపు కలిపే కట్టె అందుకున్నాడు. వీపు మీద ఒకటి, భుజం మీద ఒకటి... మూడోది తల మీద పడబోతుంటే అత్త నీలవ్వ పరుగున వచ్చి కోడలి మీద పడిపోయింది. దెబ్బకు ఆమె ముంజేయి ఎముక విరిగింది.

దవాఖానలో మామ రామకిష్టయ్య భార్య చెవిలో గొణిగాడు. "కాలు జారి పడ్డనని చెప్పు."

"ముప్పై ఏండ్లు నీ దెబ్బలకు గదే చెప్పిన. ఇగ చెప్ప" అంది నీలవ్వ. డాక్టరు వైపు తిరిగింది. "నా కొడుకు కొట్టిండు సారూ. నా కోడలి చెవి గూడ వాడే పలగ్గొట్టిండు. ముందుగాల గా పిల్లను చూడుండ్రి."

ఆ చెవి ఇక సరిగా వినిపించదన్నాడు డాక్టరు. వసుమతి పుట్టింటికి ధర్పల్లి బస్సెక్కింది. వెనకే కట్టు కట్టిన చేతితో నీలవ్వ కూడా ఎక్కింది.

"అవ్వా, నువ్వేడికే? ఇంట్ల వంటెవరు చేస్తరు?" కిందనుంచి అరిచాడు దేవిదాస్.

నీలవ్వ అటు చూడనైనా లేదు. కోడలి వైపు తిరిగింది. "చెయ్యి మానేదాంక నువ్వు తినిపియ్యి బిడ్డా. మానినంక నేను వండిపెడ్త. నువ్వు చదువుకో... గా పరీక్ష నువ్వే రాయాలె."

వసుమతి ఆమె భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మరుసటి ఏడు హైదరాబాదులో పరీక్ష రాసింది. టేపు విని రాసే భాగంలో మార్కులు పోయాయి. మాటలకు అర్థాలు రాసే భాగంలో మాత్రం చాలా బాగా వచ్చాయి. అవి చూసి ధర్పల్లిలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఇంగ్లీషు చెప్పమని పిలిచారు. దేవిదాస్ కెనడా వెళ్లనేలేదు.

ఒక సాయంత్రం అతను గుమ్మం ముందుకొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. "తప్పయింది వసుమతీ."

నీలవ్వ కోడలి ముఖంలోకి చూసింది. "ఏమంటవు బిడ్డా?"

వసుమతి లేచి పొయ్యి మీద చాయ్ పెట్టింది.

"అరుగు మీద కూసోమనుండ్రి అత్తమ్మా, చాయ్ ఇద్దాం. లోపటికి మాత్రం వద్దు."

నీలవ్వ వంకరగా అతుక్కున్న చేతితోనే కొడుక్కి చాయ్ ఇచ్చింది. అతను తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని కోడలి దగ్గరికి వెళ్లిపోయింది.