నెగెటివ్ కీవర్డ్

"దేవేందర్, గురువారం పొద్దున ఇంటర్వ్యూకు పోవాలె. పాస్ కావాలె."

ఏజెంట్ దేవేందర్ నోరు తెరిచాడు. దొంగ మీసాలతో మూడు దేశాలు తిరిగొచ్చిన మనిషికి ఇదేం ఖర్మ!

జగిత్యాలలో ఓ మూసేసిన ఫొటో స్టూడియో. వెనక గదిలో చీఫ్ చంద్రమౌళి గొంతు తగ్గించాడు. కోరుట్లలో విదేశీ ముఠా ఒకటి గల్ఫ్ ఉద్యోగాల ఆఫీసు తెరిచింది. ఉద్యోగాలు ఉత్తవి. కావలసింది పాస్‌పోర్టులు. వాటితో తమ గూఢచారుల్ని మన దేశంలోకి దింపుతారు. గురువారం పన్నెండింటికి ఇంటర్నెట్లో ప్రకటన వదులుతారు. అది చూసి సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు వందల్లో వచ్చి పాస్‌పోర్టులు అప్పజెబుతారు. సాయంత్రానికి ముఠా మాయం.

"గా ప్రకటన నడిపెటోడే కావాలట వాళ్లకు. సెర్చ్ ఇంజిన్ మార్కెటింగ్. గియ్యి చదువు."

పెన్‌డ్రైవ్‌లో నలభై పేజీలు. కీవర్డ్, క్లిక్, ఇంప్రెషన్, బ్రాడ్ మ్యాచ్.

"తాళం పగలగొట్టి పోత సార్!"

"సర్వర్ దేశం బయట ఉన్నది. ఏం పగలగొడ్తవ్? లోపల శైలజ మన మనిషే. రెండు నెలల సంది కబురు లేదు. అటు తిరిగిందో, ఇటే ఉన్నదో తెల్వది."

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. షేర్ ఆటోలు మారి మారి దేవేందర్ తన ఊరు సిరిసిల్ల చేరాడు. నెట్ సెంటర్లో కూర్చుని 'ఇంప్రెషన్ అనగా' అని చదివేలోపే కరెంటు పోయింది. రెండు గంటలకు వచ్చింది. 'ప్రకటన ఎన్నిసార్లు కనబడితే అన్ని ఇంప్రెషన్లు' దాకా చదివాడు. మళ్లీ పోయింది.

"బొగ్గు బాయిలు బంద్ అన్నా. కరెంటు యాడికెళ్లి అస్తది?" అన్నాడు సెంటర్ యజమాని రాజనర్సు.

"నా ఇంటర్వ్యూ ఎట్ల మరి?"

"తెలంగాణ అచ్చినంక పోరాదు!"

దేవేందర్‌కు ఒళ్లు మండింది. జేబులో పెన్ను కెమెరా, బూటులో పిస్టల్. ఏం లాభం? ఒక్క బల్బు వెలిగించే దిక్కు లేదు.

గురువారం కోరుట్ల. నల్ల కళ్లద్దాలు, గుప్పుమనే సెంటు, ఎర్రంచు చీర. శైలజ. వెనక నలుగురు ముఠా మనుషులు. పక్కన లాప్‌టాప్ తెరమీద ముఠా నాయకుడు ఫాల్కన్.

"బస్సులు నడుస్తున్నయా మేడం?" కోడ్ వాక్యం విసిరాడు దేవేందర్.

ఆమె ఆ మాట విననట్టే కాగితం తిప్పింది. "సిరిసిల్లలో గల్ఫ్ పోయేవాళ్లు ఏమని వెతుకుతారు?"

"ఓవర్సీస్ ఎంప్లాయ్‌మెంట్..." కంఠస్థం చేసింది అక్కడే ఆగిపోయింది. మూడు రోజుల చిరాకు ఒక్కసారిగా బయటపడింది. "గట్ల ఎవడు కొడ్తడు మేడం! మస్కట్ పోయినా దుబాయే, సౌదీ పోయినా దుబాయే. మా దిక్కు అందరికి దుబాయే!"

"ఎక్సలెంట్!" అన్నాడు ఫాల్కన్.

"నెగెటివ్ కీవర్డ్ అంటే?" శైలజ తర్వాతి ప్రశ్న వేసింది.

"ఆ మాట కొట్టినోనికి ప్రకటన కనబడొద్దని పెట్టేది." చెబుతుండగానే దేవేందర్‌కు తట్టింది. దొరికింది దారి!

పదకొండు యాభై ఎనిమిది. లాప్‌టాప్ అతని ముందుకు జరిపారు. కీవర్డ్‌ల పెట్టెలో దుబాయ్ వీసా, దుబాయ్ జాబ్స్ అని కొట్టాడు. కింద నెగెటివ్ పెట్టెలో ఒకే మాట: దుబాయ్.

శైలజ అది చూసింది. దేవేందర్ చెయ్యి బూటు మీదికి పోయింది. ఆమె వంగి, తనే బటన్ నొక్కింది.

"లైవ్, సార్."

ఒంటిగంట. ఇంప్రెషన్లు సున్నా. రెండయింది. సున్నా. ఫాల్కన్ అరుపులకు స్పీకర్ గరగరలాడింది.

"సమ్మె సార్. కరెంట్ లేదు, ఎవరూ వెతకట్లేదు," అంది శైలజ తొణక్కుండా.

మూడింటికి చంద్రమౌళి పంపిన పోలీసులు చేరారు, రాస్తారోకోలో జీపులు వదిలేసి ఆరు కిలోమీటర్లు నడిచి. అప్పటికి ఆ ఆఫీసు గుమ్మం ఒక్క పాస్‌పోర్టూ తొక్కలేదు. ముఠా మనుషులు నలుగురికీ బేడీలు పడ్డాయి.

శైలజ కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దుబాయ్ పోయిన మా బాపు కనకయ్య పాస్‌పోర్టు గూడ వీళ్లే గుంజుకున్నరు. బాపు పేరు మీద ఎవడో దేశాలు తిరుగుతుండు. బాపు అక్కడ్నే ఇరుక్కున్నడు. కబురు పంపితే ఎక్కడ దొరికిపోతనో అని రెండు నెలలు నోరు కుట్టుకున్న."

"ఇగ తీసుకొస్తం," అన్నాడు దేవేందర్.

లాప్‌టాప్‌లో ఫాల్కన్ ఇంకా ఉన్నాడు. "యూ ఆర్ ఫైర్డ్!" అని ఒక్క కేక పెట్టి మాయమయ్యాడు.

"చూసినవా," అన్నాడు దేవేందర్, "అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యకముందే పీకేసిండు!"