పై స్వరం అందని కార్నెట్

పాట అయిపోయింది. బుగ్గలు మాత్రం ఆగలేదు.

మారిత్ కాంగస్ తన పొడుగాటి బూరా ట్రాంబోన్‌ని ఒళ్ళోకి దించుకుని వెనక్కి తిరిగి చూసింది. కాలేజీ బ్యాండ్ అంతా వాయిద్యాలు దించేసి నీళ్ళు తాగుతోంది. చివరి వరసలో ఎర్ర మఫ్లర్ కుర్రాడొకడు మాత్రం కార్నెట్ అనే చిన్న ఇత్తడి బూరా నోట్లో పెట్టుకుని దర్జాగా బుగ్గలు పొంగిస్తూనే ఉన్నాడు. అతని కళ్ళు కింద ఐస్ హాకీ ఆడుతున్న రింక్ మీదున్నాయి.

"ఓ ఎర్ర మఫ్లర్!"

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. "నన్నేనా?"

"నిన్నే. పాట ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఏం ఊదుతున్నావు?"

"నా మనసులో ఇంకా నడుస్తోందండీ."

"మనసులో వాయించుకోవడానికి ఇల్లు లేదా? ఏదీ, ఒక్క స్వరం పలికించు."

అతను ఇరుగుపొరుగుల్ని బేలగా చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. కళ్ళు మూసుకుని ఊదాడు. దూడ తప్పిపోయిన ఆవు అరిచినట్టు ఓ చప్పుడొచ్చింది. ముందు వరసలో పెద్దావిడ చేతిలోని పాప్‌కార్న్ సగం ఒళ్ళో పడింది.

మారిత్‌కి నవ్వు ఆగలేదు. కోపం కూడా ఆగలేదు. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక ఎర్రబడింది.

"ఎవరు నువ్వు?"

"డెల్ ట్రెంబాత్. అడవుల కోర్సు, రెండో సంవత్సరం. ఈ కార్నెట్ మా తాతది. రాగి గనిలో పనిచేస్తూ గని బ్యాండులో వాయించేవాడు. వాయిద్యం నాదాకా వచ్చింది, విద్య దారిలో ఎక్కడో దిగిపోయింది."

"మరి బ్యాండులో ఎందుకు చేరావు?"

డెల్ తలొంచుకున్నాడు. "బ్యాండుకి టికెట్ లేదు కదా."

అసలు సంగతి అదీ. పోయినేడాది దాకా విద్యార్థి కార్డు చూపిస్తే ఏ హాకీ మ్యాచ్‌కైనా లోపలికి పంపేవారు. ఈ ఏడాది నుంచి మ్యాచ్ మ్యాచ్‌కీ టికెట్ కొనాలన్నారు. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి. రెండూ చూడాలంటే ఆ వారం తిండి సంగతి మరిచిపోవాలి. దాంతో గోల్ వెనక విద్యార్థుల గ్యాలరీ బోసిపోయింది. విచిత్రంగా బ్యాండు మాత్రం వాపొచ్చినట్టు పెరిగింది. బ్యాండ్ లీడర్ మారిత్‌కి ఆ వాపు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

"నీలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?"

"నేను నా గురించే చెప్పగలను, లీడర్ గారూ. అదిగో ఆ తాళాలు వాయించేవాణ్ణి మీరే అడగండి."

తాళాలవాడు గబుక్కున బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

మారిత్ ఆ రాత్రే అతన్ని తరిమేయాల్సింది. కానీ ఆ మాట నోటిదాకా వచ్చేసరికి కింద మనవాళ్ళు గోల్ వేశారు. డెల్ అన్నీ మరిచిపోయి ఎగిరి గంతేసి, పక్కన ట్యూబా అనే పెద్ద బూరా వాయించేవాణ్ణి కౌగిలించుకుని, "చూశావా? చూశావా?" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. అంతలా ఆటని ప్రేమించే మనిషిని బయటికి పొమ్మనడానికి ఆమెకి మనసొప్పలేదు.

"మన కాలేజీ పాట నేర్చుకో," అంది. "ఆఖరి మ్యాచ్ నాటికి మొత్తం వాయించాలి. లేదంటే మఫ్లర్‌తో సహా బయటికి."

"ఎవరు నేర్పిస్తారు?"

"ఎవరో ఒకరు," అంది మారిత్. ఆ ఎవరో తానేనని ఆమెకి అప్పుడే తెలుసు.

*

ఆ చలికాలమంతా బ్యాండ్ గదిలో ఆవు అరుస్తూనే ఉంది.

పొద్దున భోజనశాలలో గిన్నెలు కడిగి, మధ్యాహ్నం క్లాసులకెళ్ళి, సాయంత్రం పాఠానికి వచ్చేవాడు డెల్. చేతులు సబ్బునీళ్ళకి నాని ముడతలు పడి ఉండేవి. అయినా మీటల మీద వేళ్ళు చకచకా నడవసాగాయి. పాట ముక్క ముక్కగా దారికొచ్చింది. ఒక్కటే మొండికేసింది. పాట మధ్యలో ఓ పై స్వరముంది. దాని దగ్గరికి రాగానే డెల్ గొంతు పట్టేసినట్టు ఓ మెట్టు కిందికి జారిపోయేవాడు.

"అందలేదు," అనేది మారిత్.

"అది అందనంత ఎత్తులో పెట్టినవాడిది తప్పు."

"ఊపిరి పొట్టలోంచి రావాలి. నువ్వు మఫ్లర్‌లోంచి తీస్తున్నావు."

"పొట్టలో ఏమీ లేదు మరి. పాస్టీ ఏదైనా ఉందా?"

ఉండేది. మారిత్ వాళ్ళ నాన్న కాల్చిన పాస్టీలు, మాంసమూ బంగాళాదుంపా కూరిన దిట్టమైనవి, ఆమె సంచిలో కాగితంలో చుట్టి ఉండేవి. డెల్ మొదటిసారి దాని మీద కెచప్ పోయబోతే మారిత్ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"మా ఇంట్లో దీని మీద గ్రేవీయే పోస్తాం."

"మా తాతముత్తాతలు గనిలోకి పట్టుకెళ్ళిన తిండి ఇది. దీని గురించి ఫిన్లండ్ నుంచి వచ్చిన మీ వాళ్ళు మాకు నేర్పుతారా?"

"కాల్చింది మా నాన్న. ఇష్టమైతే తిను, లేకపోతే ఇటివ్వు."

అతను ఇవ్వలేదు. ఆమె చెయ్యి కూడా వదల్లేదు. కాసేపు ఇద్దరూ పాస్టీ వంకే శ్రద్ధగా చూశారు. బయట మంచు కురుస్తోంది. సరస్సు మీంచి గాలి వచ్చి కిటికీ రెక్కని తడుతోంది.

"అసలు మన వాళ్ళకి ప్రేమ లేదు," అంది మారిత్, చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంటూ. "ఉంటే గ్యాలరీ అలా ఖాళీగా ఉంటుందా?"

"ప్రేమ ఉంది. డబ్బు లేదు. వాళ్ళంతా రింక్ వెనకే ఉంటారు, తెలుసా? రింక్‌ని నునుపు చేసే ఐస్ బండి, గీకిన మంచు పారబోసే గుట్ట మీద."

"చలిలో గుట్టెక్కి నిలబడి ఏం చేస్తారు?"

"వింటారు. గోల్ పడితే గోడ అవతల్నుంచే తెలుస్తుంది. విరామంలో బండి బయటికొచ్చినప్పుడు తలుపు తెరుస్తారుగా, అప్పుడు కాస్త చూస్తారు. మీ పాట కూడా వింటారు."

"కోతలు కొయ్యకు!"

ఆ ఐస్ బండి తోలేది మారిత్ నాన్నే. టోయివో కాంగస్. అలాంటిది ఉంటే ఆయన చెప్పడూ, అనుకుంది. కానీ టోయివో నోటి నుంచి మాట రావడమంటే రాతిలోంచి రాగి తీసినంత పని. ఆ సంగతి ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

*

ఆఖరి మ్యాచ్‌కి ముందురోజు, రింక్ వ్యవహారాలు చూసే మిసెస్ లాప్లాంట్ బ్యాండ్ గదికి వచ్చింది. చెడ్డమనిషి కాదు. జమాఖర్చులు సరిపోక నిద్రపట్టని మనిషి.

"మారిత్, దాచకుండా చెప్తున్నాను. విద్యార్థులు రావడం లేదు. వచ్చే ఏడాది ఆ గ్యాలరీ ఊళ్ళోవాళ్ళకి అమ్మేద్దామనుకుంటున్నాం. ఇంకోటి. మీ బ్యాండులో సగం మందికి వాయించడం రాదని విన్నాను. రేపు నేను మీ పక్కనే కూర్చుంటాను. ఉత్తుత్తి వాళ్ళున్నారని తేలితే వచ్చే ఏడాది నుంచి బ్యాండుకి కూడా టికెట్టే."

బ్యాండులో చాలామంది మారిత్‌లాగే టికెట్ కొనలేని వాళ్ళే. టికెట్ పెడితే సగం మంది మానేస్తారు. సగం బ్యాండుతో పాటేముంటుంది?

అప్పుడే డెల్ మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "లీడర్ గారూ, ఇవాళ పై స్వరం పక్కదాకా వెళ్ళొచ్చాను!"

"నీకంతా తమాషా!" అంది మారిత్. "మీ దొంగ చేరికల వల్ల నా బ్యాండ్ పోతోంది. నువ్వు మ్యాచ్ కోసం వచ్చావు. అంతే. పాట కోసం రాలేదు, నా..." అక్కడితో ఆపేసింది.

డెల్ విషయమంతా అడిగి తెలుసుకున్నాడు. కార్నెట్‌ని కోటులోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు చివరి వరసలో కుర్చీలు ఖాళీ. తాళాలవాడు లేడు. డ్రమ్ము పట్టుకుని నిలబడే అమ్మాయి లేదు. ఎర్ర మఫ్లర్ లేదు.

ఉన్నవాళ్ళంతా నిజంగా వాయించేవాళ్ళే. మిసెస్ లాప్లాంట్ పక్కన కూర్చుని తృప్తిగా తల ఊపింది. బ్యాండ్ నిలిచింది. మారిత్ సంతోషించాలి. కానీ ఆమె మనసు మనసులో లేదు. నేనన్న మాటకి నొచ్చుకుని వెళ్ళిపోయాడు, నేనే వెళ్ళగొట్టాను, అనుకుంటే ట్రాంబోన్ బరువెక్కింది.

ఆటలోని మూడు పీరియడ్లలో మొదటిది అయ్యేసరికి మనవాళ్ళు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. గోల్ వెనక గ్యాలరీలో నలుగురైదుగురు చలికి ముడుచుకుని కూర్చున్నారు. విరామంలో టోయివో ఐస్ బండి ఎక్కి, రింకంతా గీకి నునుపు చేసి, గీకిన మంచు పారబోయడానికి వెనక పెద్ద తలుపు దగ్గరికి తోలుకెళ్ళాడు. తలుపు పైకి లేచింది.

చలిగాలితో పాటు ఓ కార్నెట్ కూడా లోపలికొచ్చింది.

కాలేజీ పాట. సన్నగా, వణుకుతూ, కానీ తప్పు లేకుండా. మారిత్ లేచి నిలబడింది. తలుపు అవతల దీపాల వెలుగులో మంచుగుట్ట. గుట్ట నిండా జనం. టోపీలు, దుప్పట్లు, కాలేజీ రంగులు పూసుకుని చలికి కందిన మొహాలు. పైన, అందరికంటే పైన, ఎర్ర మఫ్లర్.

అతను కోతలు కొయ్యలేదు. ఒక్క ముక్క కూడా.

పాట నడిచి నడిచి ఆ స్వరం దగ్గరికొచ్చింది. మారిత్ మునివేళ్ళ మీద లేచింది. అందుకో, అందుకో! డెల్ ఎగిరాడు. అందలేదు. ఎప్పటిలాగే ఓ మెట్టు కిందికి జారాడు.

గ్యాలరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుట్ట మీద కార్నెట్ ఆగిపోయింది.

మారిత్ బ్యాండ్ వైపు తిరిగింది. "మొదటినుంచి," అంది. "ఆ స్వరం అతను వాయించినట్టే వాయించండి."

"తప్పుగానా?" అన్నాడు ట్యూబా వాడు.

"అవును, తప్పుగానే! నాతో పాటు."

బ్యాండంతా ఎత్తుకుంది. ఆ స్వరం దగ్గరికి రాగానే ట్రాంబోన్లూ ట్యూబాలూ అన్నీ కలిసి, అంత దర్జాగా, ఓ మెట్టు కిందికి జారాయి. గుట్ట మీద కార్నెట్ మళ్ళీ లేచింది. దాని వెంట అన్ని గొంతులూ లేచాయి. బయటివాళ్ళు పాడుతుంటే లోపల ఊళ్ళోవాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేచి పాడారు.

పాట అయ్యేసరికి తలుపు ఎప్పుడో దిగిపోయి ఉండాలి. దిగలేదు. టోయివో బండి సరిగ్గా గుమ్మంలో ఆగి ఉంది.

మిసెస్ లాప్లాంట్ మెట్లు దిగి పరుగెత్తింది. మారిత్ ఆమె వెనకే వెళ్ళింది.

"టోయివో! ఏమైంది బండికి?"

"ఆగిపోయింది," అన్నాడు టోయివో, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

మిసెస్ లాప్లాంట్ తల బయటికి పెట్టి గుట్టని కిందినుంచి పైదాకా చూసింది. "వీళ్ళంతా... మన పిల్లలేనా?"

"ప్రతి మ్యాచ్‌కీ ఉంటారు."

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది మారిత్.

"నువ్వడగలేదు కదమ్మా."

మిసెస్ లాప్లాంట్ వెనక్కి తిరిగి ఖాళీ గ్యాలరీని చూసింది. మళ్ళీ గుట్టని చూసింది. ఆవిడ ఏడాదిగా వేసిన లెక్కల్లో ఈ గుట్ట లేదు. "లోపలికి రానివ్వు," అంది చివరికి. "ఇవాళ్టికి ఊరికే. వచ్చే ఏడాది సంగతి... మొదటి పీరియడ్ దాటాక ఖాళీగా మిగిలిన కుర్చీలు విద్యార్థులకి ఊరికే. ఎలాగోలా నేను ఒప్పిస్తాను. ఇంక ఆ బండి తియ్యవయ్యా, ఐస్ కరుగుతోంది!"

బండి వెంటనే బయల్దేరింది. పిల్లలు గుట్ట మీంచి జారుకుంటూ, అరుచుకుంటూ లోపలికి వచ్చేశారు. వాళ్ళ వెనక డెల్ వచ్చాడు. మారిత్ ముందు నిలబడి ఏదో చెప్పబోయాడు. పెదవులు కదల్లేదు. చల్లటి ఇత్తడి మీద అంతసేపు ఊది కొయ్యబారిపోయాయి.

"మ్... మూ..."

"మాట్లాడకు. కార్నెట్ మూతిని గుప్పిట్లో వెచ్చగా పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను నీకు? నేనన్న మాటకి వెళ్ళిపోయావా?"

అతను కాదన్నట్టు తల ఊపాడు. చివరి వరసలో తామొదిలిన ఖాళీ కుర్చీలని చూపించాడు. బ్యాండుని చూపించాడు. తర్వాత వేలు ఆమె వైపు తిప్పి, తన గుండె మీద పెట్టుకున్నాడు.

మారిత్ కళ్ళు తడిశాయి. తన మఫ్లర్ తీసి అతని మొహం సగం చుట్టేసింది. "సరే, నేనే చెప్తాను. నువ్వంటే నాకు ఇష్టం. ఆవులా ఊదినప్పటినుంచీ ఇష్టం. ఇంకేమైనా ఉందా?"

మఫ్లర్ వెనకనుంచి తల పైకీ కిందికీ ఊగింది. ఒకసారి కాదు, ఆగకుండా ఊగింది.

ఐస్ బండి వాళ్ళ పక్కకొచ్చి ఆగింది. టోయివో పైనుంచి కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. వాళ్ళింట్లో శనివారం సౌనా, అంటే ఆవిరి స్నానం, ఇంటివాళ్ళకే. మేనత్త మొగుణ్ణి కూడా పెళ్ళయ్యేదాకా ఆ గది గడప తొక్కనివ్వలేదు.

"వచ్చే శనివారం మ్యాచ్ లేదుగా," అన్నాడు టోయివో. "సౌనా వేడి చేస్తాను. ఈ అబ్బాయిని కూడా రమ్మను. పెదవులు కరగాలి." కాస్త ఆలోచించి, "కెచప్ తెచ్చుకోమను. మన ఇంట్లో ఉండదు," అని బండి కదిలించాడు.

ఆ మ్యాచ్ మనవాళ్ళు ఓడిపోయారు. గ్యాలరీలో ఎవరికీ గొంతు మిగల్లేదు కాబట్టి తిట్టుకునేవాళ్ళు కూడా లేకపోయారు.

ఇప్పటికీ ఆ రింక్‌లో కాలేజీ పాట మధ్యలో అందరూ కలిసి ఓ మెట్టు కిందికి జారతారు. కొత్తగా చేరిన పిల్లలు పాట అలాగే ఉంటుందనుకుని అలాగే నేర్చుకుంటారు. డెల్‌కి ఆ పై స్వరం ఆ వేసవిలోనే పట్టుబడింది. కానీ బ్యాండుతో కూర్చున్నప్పుడు దాన్ని ఎప్పుడూ వాయించడు. వాయిస్తే మారిత్ ఊరుకోదు.