శ్రావణంలో ఒండ్రు

ఆ శుక్రవారం ప్రొఫెసర్ సుందరరామయ్య గారింట్లో పోయింది బంగారం కాదు. మట్టి.

రెండు మూరల గొట్టంలో తడి ఆరకుండా దాచిన మట్టి. ఎప్పుడో ఉప్పలగుప్తం దగ్గర బోరు దించి తీసింది. పైన గుల్లల పొర, కింద నది ఒండ్రు. అంటే ఒకప్పుడు నేల మీదకి సముద్రం వచ్చింది. జియాలజీలో ఆయన పేరంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

దాన్ని పరీక్షించడానికి యూనివర్సిటీ కమిటీ అమలాపురం వస్తున్నది కూడా ఆ రోజే.

ఎస్సై సాయిదుర్గ వరండాలో బూట్లు విప్పింది. ఆయన దగ్గరే ఎమ్మెస్సీ చదివింది మరి.

"మా ఇంట్లో మట్టికో ఫ్రిజ్, పెరుగుకో ఫ్రిజ్ అమ్మా," అంది ప్రొఫెసర్ భార్య కనకమహాలక్ష్మి. "దొంగ పెరుగు ముట్టుకోలేదు."

మట్టి ఫ్రిజ్ తాళం పగిలి ఉంది. పెరట్లో కానిస్టేబుల్ శ్యామ్ బాబు కొబ్బరిమొక్కని మెచ్చుకుంటున్నాడు.

"ఒండ్రు బాగా వేసేరండీ మాస్టారు."

"పొద్దున్నే వేసేరు. ఎన్నడూ పార పట్టని మనిషి," అందావిడ మురిపెంగా.

సాయిదుర్గ ప్రొఫెసర్ వైపు తిరిగింది. "ఎవరి మీదైనా అనుమానమా, మాస్టారూ?"

"యామిని. నిన్న సాయంత్రం వచ్చింది."

యామిని ఆయన కింద రీసెర్చ్ చేసిన అమ్మాయి. అడుగుని పైనని పొరబడి గొట్టాన్ని ఆయన తలకిందులుగా చదివారని థీసిస్‌లో రాసింది. ఆయన తిరస్కరించారు. అప్పీలుకి వెళితే, ఫొటోలు చాలవు, మట్టినే చూస్తామంది కమిటీ.

"చూస్తే తన మాట తప్పని తేలిపోతుంది. అందుకే పట్టుకుపోయింది."

మాస్టారి మాట. సాయిదుర్గ రెండో ప్రశ్న వేయలేదు. యామినిని స్టేషన్‌కి పిలిపించి, వచ్చేపోయేవాళ్లంతా చూసే బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నిన్న ఎందుకెళ్లేవు?"

"కమిటీకి మీరే చెప్పేయండి సార్ అని బతిమాలడానికండీ. అప్పుడు ఆయన పరువు ఆయనకే ఉంటుందని."

"ఏమన్నారు?"

"కాఫీ తాగి వెళ్లమన్నారు." యామిని తలెత్తింది. "కొబ్బరిచిప్పల పాఠం మీకూ చెప్పేరా మేడమ్?"

చెప్పారు. పారే నీళ్లలో చిప్పలు వేసి చూపించారు. అవి బోర్లా స్థిరపడతాయి. గుల్లలూ అంతే.

"ఆ గొట్టంలో గుల్లలన్నీ వెల్లకిలా ఉన్నాయండీ."

సాయిదుర్గ కిటికీ వైపు తిరిగింది. బయట కాలవ గట్టు అంచుదాకా నిండి పారుతోంది.

చాలాసేపు ఆ నీళ్లనే చూసింది. తర్వాత జీపు తాళాలు తీసుకుని యామినిని రమ్మంది.

ప్రొఫెసర్ గారింట్లో కమిటీ వాళ్లు అప్పటికే హాల్లో కాఫీ తాగుతున్నారు. ఆమె ప్రొఫెసర్నీ, ఆయన భార్యనీ, యామినినీ పెరట్లోకి పిలిచింది.

"ఈ ఒండ్రు ఎక్కడిది మాస్టారూ?"

"కాలవది."

"కాలవలో ఒండ్రు తీసేది వేసవిలోనండీ, నీళ్లు కట్టేసేక. ఇది శ్రావణం. నిండు కాలవలో మీరెలా తీసేరు?"

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"పొద్దున మా కళ్ల ముందే ఉంది. మీ ఇల్లు కదా అని చూడలేదు."

ఆమె వంగి మొక్క మొదట్లో వేళ్లు పెట్టింది. నల్లటి బంకలోంచి తెల్లటి గుల్ల వచ్చింది. ఇంకొకటి. కనకమహాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

"ఆ పిల్లని స్టేషన్లో కూర్చోబెట్టించేరా?" అంది గోడతోనే.

సుందరరామయ్య గారు తన చేతుల వంక చూసుకున్నారు. గోళ్లలో ఇంకా నలుపుంది.

"దొంగ దొరికేడు కదండీ," అన్నాడు శ్యామ్ బాబు మెల్లిగా.

యామిని గుల్లని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"పారతో కలిపేసేరు మేడమ్. ఏది పైనో, ఏది కిందో ఇంక మట్టి చెప్పదు. అక్కడ మళ్లీ బోరు దింపుదామన్నా ఇప్పుడన్నీ రొయ్యల చెరువులే, లోతుగా తవ్వేసేరు. ఇంక చెప్పగలిగేది సారొక్కరే."

సాయిదుర్గ ఆయన కోసం హాలు తలుపు తీసి పట్టుకుంది. ఆయన కండువా సర్దుకుని లోపలికి వెళ్లారు. కమిటీ వాళ్లు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చున్నారు. మట్టి తానే పారబోశానన్నారు, వయసు మీద పడిందన్నారు, మతిమరుపన్నారు.

కేసు మూసేశారు. యామిని స్టేషన్ కాయితాల మీద సంతకం పెట్టి బస్సెక్కింది. బెంచీ గురించి క్షమాపణ సాయిదుర్గ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

గొట్టం తలకిందులైందన్న మాట సుందరరామయ్య గారు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.