నేల వైపు చూసే పుట్టగొడుగు

సవేత పుట్టగొడుగుల ముక్కల్ని దారానికి గుచ్చుతోంది. పొయ్యి పైన అప్పటికే మూడు దండలు ఎండుతున్నాయి.

గురువారం. ఉదయం 8.10.

ఆమె భర్త ఇలారియే శవం దొరికి రెండు రోజులైంది. మారమూరెష్ అడవిని ఫొటోలు తీయడమే అతని పని. పడిపోయిన బీచ్ చెట్టు మాను కింద, గుంటలో దొరికాడు. తల వెనక గుండ్రటి దెబ్బ. కెమెరాలో మెమరీ కార్డు లేదు.

బల్లకు అవతల సవేత అన్న గవ్రిల్, ఫారెస్టు గార్డు. చెట్లకు గుర్తు కొట్టే ముద్రసుత్తి గుమ్మం పక్కన ఆనించి ఉంది. ఇవతల ఇన్‌స్పెక్టర్ వెతూరియ.

"ప్రమాదమని రాసి తొమ్మిదికల్లా కేసు మూసేయమన్నారు పైవాళ్లు," అంది వెతూరియ.

"మూసేయండి మేడమ్. ఇంకా తవ్వి ఏం లాభం?" గవ్రిల్ సారా గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"మాను ఎప్పుడు పడింది?"

"సోమవారం గాలివానకి. సాయంత్రం 6.20."

"చూశావా?"

"కళ్లారా. దూరం నుంచి. కింద బావ ఉన్నాడని తెలీదు."

"అప్పటిదాకా నిలబడే ఉందా?"

"నిటారుగా. నేను కాపలా కాసే బీటు, నాకు తెలీదా?"

వెతూరియ ఒక ఫొటో సవేత ముందు పెట్టింది. శవం కనబడదు. మాను మాత్రమే. దాని మీద అరల్లా గట్టి పుట్టగొడుగులు.

"వీటి అడుగు ఎటుంటుందమ్మా?"

"నేలకేసి. విత్తనాల్లాంటి పొడి కిందికి రాలాలి కదా. ఆయన చెప్పేవారు."

"చెట్టు పడిపోతే?"

"పాతవి పక్కకి తిరిగిపోతాయి. కొత్తవి మళ్లీ నేలకేసే..."

సూది ఆగింది.

ఫొటోలో, పడున్న మాను మీద అరచేయంత పుట్టగొడుగులు. అడుగులన్నీ నేల వైపే.

"మూడు రోజుల్లో ఇంత పెరుగుతాయా?"

"ఏళ్లు పడుతుంది. ఈ మాను ఎప్పుడో పడింది," అంది సవేత మెల్లగా.

గవ్రిల్ నవ్వాడు. "పుట్టగొడుగుల్ని సాక్ష్యానికి పిలుస్తారా మేడమ్? బోనెక్కుతాయా?"

"నువ్వు నిలబడ్డ చెట్లనే చూస్తావు గవ్రిల్. కోతకి పనికొచ్చేవాటిని. కుళ్లే మాను ఎప్పుడు పడిందో నీకు పట్టదు. ఇలారియే వాటినే చూసేవాడు. ఆదివారం మాకు ఫోన్ చేశాడు. దొంగ కలప లారీ ఫొటోలో పడిందట. కలప ఎక్కిస్తున్నవాడు తన ఇంటివాడేనట, పేరు ఎదురుగా చెప్తానన్నాడు."

గవ్రిల్ నవ్వు ఆగిపోయింది.

"చెల్లీ, నీ అన్నని కదే. ఏదో ఒకటి చెప్పవే."

సవేత దారం చివర ముడి వేసింది. లేచింది. వంటగుడ్డతో ముద్రసుత్తిని పట్టుకుని తెచ్చి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టింది. సుత్తి గుండ్రటి తల అంచున ఏదో నల్లగా ఎండి ఉంది.

భర్త కోటు భుజాన వేసుకుని, తలుపు తీసుకుని అడవి వైపు వెళ్లిపోయింది.